ఫట్‌ఫటి మీద పర్దా సవారీ

నవ్వుర్రి, నవ్వుర్రి! అమీర్‌పేటంత నవ్వింది, మీరొక్కలే ఎందుకు మిగలాలె? రాములన్నా, ఆ చాయ్ నువ్వే తాగు. నిన్న పొద్దుగాల పంజగుట్ట కాడికెల్లి నా పక్కన ఎవలిని కూసోబెట్టుకొని తెచ్చిన్నో ఇంటే మీరు సుత నన్ను గీ హోటల్లకు రానియ్యరు. పోరగాండ్లు నన్ను సూసి ‘గుర్ర్... గుర్ర్’ అనుకుంట ఎంటవడుతున్నరు. ఇంతకన్న అన్నాయం ఉంటదా?

మొదటికెల్లి చెప్పుమంటవా? చెప్త. నడుమ నవ్విన్రంటే మాత్రం లేచిపోత.

మా దొర ఎరికే గద మీకు. అమీర్‌పేటల కోట లెక్క పెద్ద దేవిడి, పెద్ద మోటరు కారు. గనీ గీ దునియా లడాయి షురువైన సంది పెట్రోలుకు కూపన్లు పెట్టిన్రాయె. కారు షెడ్డుల పండుకున్నది, అండ్ల కోళ్లు గుడ్లు పెడుతున్నయి. ఇగ దొర తన విలాయతి ఫట్‌ఫటిని, గదే మోటరు సైకిలును, బయటికి తీసిండు. దానికి పక్కన ఒక తొట్టి ఉంటది, ఇంగ్లీషుల సైడుకారంటరు. ఒక మనిషి అండ్ల కాళ్లు చాపుకొని మంచిగ కూసోవచ్చు. దొరలిండ్లల్ల ఆడోళ్లకు ఘోషా గద, పరాయి మొగోని కండ్లల్ల పడరాదు. అందుకని దర్జీని పిలిపిచ్చి, ఇనుప కమాన్లు పెట్టిచ్చి, తొట్టి చుట్టూత పచ్చ మఖ్‌మల్ పర్దా కుట్టిచ్చిండు.

ఆ పర్దాకు మస్తు కాయిదాలు, కట్టుబాట్లు ఉన్నయి. పెద్ద దొరసాని, అంటె మా దొర తల్లి, బండెక్కేటప్పుడు డ్రైవరు గోడదిక్కు మొకం పెట్టి నిలవడాలె. మర్లి సూడొద్దు. ఆమె మాతోని మాట్లాడది, మేం ఆమెతోని మాట్లాడొద్దు. కూసున్నంక చేతికర్రతోని తొట్టి రేకు మీద ఒక దెబ్బ కొడ్తది. ఒక దెబ్బ అంటె నడువు. రెండు దెబ్బలంటె ఆపు. గంతే. ఇన్ని దినాల సంది ఆమెను తిప్పుతున్న గనీ ఆమె మొకం గుండ్రంగుంటదో పొడుగ్గుంటదో నాకు తెల్వది.

అసలు నేను గుర్రాలకు గడ్డేసేటోన్ని. ఫట్‌ఫటి తోలుడు నేర్చుకున్న, మంచిగనే తోలుతున్న, గనీ దొర నన్నింక ఖాయం చెయ్యలే. సికింద్రాబాదుల గోరా పల్టన్ల, గదే తెల్లోల్ల ఫౌజుల, తోలినోడట, టోపీ పెట్టుకొని ఒకడు మా దేవిడి చుట్టూత తిరుగుతుండు. ఇటు దిక్కు సత్తెమ్మ. మా దేవిడిల వంటచేసే కిష్టయ్య బిడ్డ. ఒకపారి బాయికాడ నన్ను సూసి నవ్వింది, ఆ నవ్వుకు నేను ఆ దినమంత బువ్వ తినుడు మరిచిన. కిష్టయ్యనడిగితే ఏమన్నడు? “మల్లయ్యా, నువ్వు ఖాయం డ్రైవరువైతే పిల్లనిస్త. గడ్డేసేటోనికి నేనియ్య” అన్నడు. దొరనడిగితే ఏమన్నడు? “నా మనుమని తొట్టెల పండుగకు అమ్మను పంజగుట్ట తోటబంగళా నుంచి పైలంగ తీసుకరా. బండి మంచిగ తోలిండని అమ్మ ఒక్క మాటంటే నువ్వే ఖాయం” అన్నడు.

సూసిన్రా? నా కొలువు, నా పెండ్లి, రెండూ ఆ ముసలి దొరసాని నోట్ల ఒక్క మాట మీద ఆగినయి.

నిన్న తెల్లారంగనే బండి తుడిసి, పర్దా దులిపి పంజగుట్టకు పోయిన. ఆ తోటబంగళా ఎనుక మీకెరికే గద, అన్ని గుండ్లు, సీతాఫలం పొదలు, ఇగ ఆడికెల్లి అడివే. నక్కలుంటయని చెప్పిన్రు, అడివిపందులుంటయని చెప్పిన్రు. మొన్ననే చిర్తపులి మేకనెత్తుకపోయిందని తోటమాలి చెప్పిండు. ఇంకో జంతువు పేరు మాత్రం ఒక్కడు చెప్పలే. చెప్పుంటే నా బతుకు గిట్ల బజార్ల పడకపోవు!

పనిమనిషి బాలవ్వ గంపెడు సీతాఫలాలు తెచ్చి తొట్టిల పెట్టింది. చెట్టు మీద మాగినయి, వాసన గుప్పున కొడుతున్నది. “అమ్మగారొస్తున్నరు, అటు తిరుగు” అని లోపటికి పోయింది. తిరిగిన. చేతులు కట్టుకొని, గోడ మీద చీమలు పోతుంటె సూసుకుంట నిలవడ్డ. గడప దాకా వచ్చిన దొరసానికి తన పాందాన్, గదే తమలపాకుల డబ్బా, యాదికొచ్చిందట, మల్ల లోపటికి పోయిందట. గీ ముచ్చట నాకు తర్వాత తెలిసింది. గప్పుడు నాకేం ఎరుక? నా మొకం గోడకున్నది.

ఎనుక ఆకులు గలగలమన్నయి. మెత్తగ, బరువుగ అడుగుల చప్పుడు. తొట్టి కిర్రుమన్నది, స్ప్రింగులు కిందికి దిగినయి. చాన దిగినయి. ‘తోట గాలికి దొరసాని జర ఒళ్లు చేసింది’ అనుకున్న. పర్దా లోపటికెల్లి బుస్సు బుస్సుమని ఊపిరి. ఆమెకు ఉబ్బసం ఉన్నదని అందరికెరికే. జర వాసన సుత వచ్చింది. ముసలోల్లు, ఏదో తైలం రాసుకుంటరు, పెద్దోల్ల వాసన మనం ఎంచొద్దు. గంతల రేకు మీద ‘ధన్’మని ఒక దెబ్బ పడ్డది.

హుకుం అయిపాయె! తల వంచుకొని బండెక్కిన, కిక్కు కొట్టిన. ఇంజను మోగంగనే లోపట గంప కిందమీదైన చప్పుడు, తర్వాత చప్పుడు లేదు. భయపడ్డదేమో పాపం అని మెల్లగ, గుంతలు తప్పిచ్చుకుంట, పసిపోరన్ని ఎత్తుకపోయినట్టు తోలిన. ఆమె బాగున్నదనాలె గద!

పంజగుట్ట దిగంగనే ఎదురుంగ గడ్డిబండి. నా బండి దగ్గరికి రాంగనే ఎడ్లు ఎగిరి, కాడి ఇరగ్గొట్టుకొని చెల్కల పడ్డయి. బండాయన తిట్టుడు మొదలువెట్టిండు. నాకు కోపమొచ్చింది. “జనానా సవారీ! కండ్లు కనవడ్తలేవా? మొకం తిప్పు!” అని గదమాయించిన. పాపం మర్యాదస్తుడు. ఎడ్లు అటు ఉరుకుతుంటె సుత, చెరువుదిక్కు మొకం తిప్పి నిలవడ్డడు.

ఇంకొంచెం ముంగటికి పోతే టాంగా గుర్రం రెండు కాళ్ల మీద లేసింది. కుక్కలు మొరుగుకుంట వచ్చినయి, దగ్గరికి రాంగనే తోకలు ముడుసుకొని పాయినయి. పోలీసు నాకా కాడికొచ్చినంకనైనా నాకు బుద్ధి రావద్దా? రాలే! దొరసాని సవారంటె కుక్కలకు సుత అదబు, మర్యాద తెలిసిందనుకున్న. నాకా కాడ పోలీసాయన ఉన్నోల్లనందర్ని పక్కకు జరిపి, సలాం కొట్టి, తను సుత ఈపు తిప్పిండు. నేను ఛాతీ పొంగించుకొని వచ్చిన.

దారి ఖాళీ అయింది. గప్పుడు నా నెత్తిల శని మాట్లాడింది. ‘మల్లయ్యా, గిట్లాంటి మోక మల్ల దొరకది. సూడొద్దని కాయిదా, మాట్లాడొద్దని కాయిదా, గనీ మొర పెట్టుకుంటే ఏ దొరసానన్న కోపం చేస్తదా?’ అన్నది. బండి ఇంకింత మెల్లగ చేసిన.

“అమ్మా, నీ బాంచెన్. తప్పయితే మాఫ్ చెయ్యి. దొరకు ఒక్క మాట చెప్పు తల్లీ, మల్లిగాన్ని ఖాయం చెయ్యిమని” అన్న.

లోపటికెల్లి “హూఁ” అన్నది.

నా పానం లేసొచ్చింది! అన్నీ చెప్పిన. సత్తెమ్మ ముచ్చట, బాయికాడ నవ్విన ముచ్చట, కిష్టయ్య పెట్టిన షరతు, గోరా పల్టన్ టోపీగాని ముచ్చట, అన్నీ. నడుమ నడుమ “హూఁ... హూఁ” అనుకుంట విన్నది. మా అవ్వ సుత నా మాట ఎన్నడు గంత ఓపికతోని ఇనలే. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. పర్దా కిందికెల్లి సీతాఫలం తొక్క ఒకటొచ్చి నా మోకాలు మీద పడ్డది. దొరసాని తిన్న పండు తొక్కాయె, కండ్లకద్దుకున్న. అవు, కండ్లకద్దుకున్న! నవ్వకు రాములన్నా, పోత నేను.

అమీర్‌పేట మొగదల్లకొచ్చినం. గప్పుడు పర్దా పర్రున చినిగింది, చెయ్యి బయటికొచ్చింది. నల్లగ, ఇంత పొడుగు బొచ్చు. ‘సలికి కంబళి కప్పుకున్నది’ అనుకున్న. గనీ భాయ్, కంబళికి గోర్లుంటయా?

కాయిదా తప్పి, మొదటిపారి పర్దాదిక్కు సూసిన. చినిగిన సందులకెల్లి పొడుగు మూతి, మూతి నిండ తెల్లగ సీతాఫలం గుజ్జు, చిన్న చిన్న కండ్లు. నేను దాన్ని సూసిన, అది నన్ను సూసింది. ఎలుగుబంటి! నిండు ఎలుగుబంటి, కాళ్లు చాపుకొని మంచిగ కూసున్నది!

నాకు ముందుగాల ఏం తట్టిందో ఎరికేనా? ఉరుకాలె అని గాదు. ‘అయ్యో, పెద్ద దొరసానిని తిన్నది!’ అని. తిని, ఆమె జాగల కూసొని, హుకుం సుత ఇచ్చింది! ఆపుదామంటే అది దిగుతది, దిగితే ముందుగాల దొరికేటోన్ని నేనే. దుంకుదామంటే దొర బండి పోయి ఏ గోడకో గుద్దుకుంటది. గంతల అది రేకు మీద ‘ధన్ ధన్’మని రెండు దెబ్బలు కొట్టింది. కాయిదా ప్రకారం ఆపాలె. “అమ్మా, జర ఆగు, ఇల్లు వచ్చింది” అని ఏడ్సుకుంట గట్టిగ తోలిన. ఎలుగుబంటిని అమ్మా అంటున్నని సుత నాకు సోయి లేదు.

దేవిడిల పచ్చటి పందిరి, సన్నాయి, డోలు. బండి లోపటికి రాంగనే పెద్ద పెద్ద మనుషులందరు లేచి, రివాజు ప్రకారం గోడదిక్కు మొకాలు పెట్టి నిలవడ్డరు. కిష్టయ్య కొత్త పంచె కట్టుకొని లడ్డూల గంగాళం కాడ ఉన్నడు. నన్ను సూసి ‘శభాష్’ అన్నట్టు తలూపిండు. అప్పుడే పిల్లనిచ్చినట్టు! దొర తల్లి కాళ్లు మొక్కుదామని నవ్వుకుంట ఎదురొచ్చిండు.

“దొరా! నీ బాంచెన్, పర్దా తియ్యకు!” అని మొత్తుకున్న.

“మా అమ్మ పర్దా నేను తియ్యొద్దా? పొద్దుగాలనే తాగినవారా?” అని తల వంచి, ఒక చేత్తోని పర్దా లేపి, ఇంకో చెయ్యి కాళ్ల మీద పెట్టిండు. “అమ్మా, కాళ్లు మొక్కుత” అన్నడు. జర సేపు తడిమిండు. మల్ల తడిమిండు. “అమ్మా, గిదేందే గిట్లయినయి...” అని తలెత్తిండు.

ఇగ సూడుర్రి! దొర ఎల్లెంకల పడ్డడు. ఎలుగుబంటి ఆయన మీదికెల్లి దుంకింది. డోలు ఒకదిక్కు, సన్నాయి ఒకదిక్కు. అది సీదా పోయి గంగాళంల మూతి పెట్టింది. కిష్టయ్య వంటింటి పెంకుల మీదికి ఎట్లెక్కిండో ఆయనకే తెల్వది. గోడదిక్కు నిలవడ్డ పెద్దమనుషులేమో, “అమ్మగారు లోపటికి పోయిన్రా? ఇగ మర్లొచ్చునా?” అని అడుగుతనే ఉన్నరు. అది కడుపునిండ లడ్డూలు తిని, ఎవ్వల్ని ఏమనకుంట, ఎనుక గోడ దుంకి చెల్కల పడి గుట్టలదిక్కు పోయింది. పండుగ బువ్వ తిన్నది అదొక్కతే.

దొర దుమ్ము సుత దులుపుకోలే. “అమ్మ ఏదిరా?” అన్నడు.

నేను కూలవడ్డ. “దొరా... తిన్నది దొరా. నేను గోడదిక్కు మొకం పెట్టిన దొరా” అని గుండెలు బాదుకున్న. లోపట ఆడోళ్లు రాగం తీసిన్రు. దొర ఆడనే నేల మీద కూసున్నడు. గా నిమిషం నాకు కొలువు యాదికి లేదు, సత్తెమ్మ యాదికి లేదు. చచ్చిపోదామనిపిచ్చింది, ఒట్టు.

గంతల వాకిట్లకు పర్దా కట్టిన ఎడ్లబండి వచ్చింది. లోపటికెల్లి దగ్గు, కర్ర చప్పుడు ధన్ ధన్ ధన్. పెద్ద దొరసాని గొంతు నేను మొదటిపారి గప్పుడే ఇన్న. “ఆ మల్లిగాడేడి? పాందాన్ తెచ్చుకునేలోపట బండి లేదు! నన్నిడిసిపెట్టి వాడు ఎవతెను తీసుకపోయిండు?”

పెంకుల మీదికెల్లి కిష్టయ్యే అర్సిండు. “దొరసానికి, ఎలుగుబంటికి ఫరకు తెల్వనోనికి నా బిడ్డనిస్తనా? రేపు సత్తెమ్మ అనుకొని ఎవలిని కాపురానికి తీసుకపోతడో!” ఆ మాట దొరసాని చెవుల పడ్డది. ఇగ ఆమె తిట్లు నేను చెప్ప, మీరు ఇనొద్దు. వంటింటి కిటికీల సత్తెమ్మ కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుతున్నది. బాయికాడ నవ్విన నవ్వు గాదది.

దొర గుర్రాల కొట్టందిక్కు వేలు సూపిచ్చిండు. పొద్దుమూకేసరికి ఆ టోపీగాడు ఖాయమయ్యిండు. నేను గడ్డేద్దామని పోతే గుర్రాలు సుత నా అంగీ వాసన సూసి ఎనుకకు జరుగుతున్నయి.

ఏమంటున్నవు రాములన్నా? పెద్ద దొరసాని కాళ్ల మీద పడి మొర పెట్టుకోవాల్నా? మొర పెట్టుకున్న గద భాయ్! పంజగుట్ట కాడికెల్లి అమీర్‌పేట దాకా, కండ్లనీళ్లు పెట్టుకొని, ఒక్క ముచ్చట ఇడువకుంట చెప్పిన. మల్ల గంత మంచిగ చెప్పుడు నాతోని గాదు. అంత ఇన్నది, ‘హూఁ’ అని మాట సుత ఇచ్చింది. మాటిచ్చినామె ఇప్పుడు గుట్టల్ల ఉన్నది. గంపెడు సీతాఫలాలు తీసుకపోయి, “అమ్మా, దొరకు జర నా ముచ్చట చెప్తనంటివి” అని యాదిచేసొద్దామా అనుకుంటున్న.

ఏం, తోడొస్తవా? గోడదిక్కు మొకం పెట్టి నిలవడుడు మాత్రం ఈపారి నీ వంతు.