ఊరికే పోసిన మజ్జిగ

మొన్న కర్నూలు బస్టాండులో మజ్జిగ ప్యాకెట్టు మూల చింపి తాగాను. ఆ పులుపు నాలుకకు తగలగానే ఆలూరు దగ్గరి మా పల్లే, మా పెద్దమ్మ ఈరమ్మ చేతులూ గుర్తొచ్చాయి. మోచేతి దాకా నరాలు తేలిన చేతులు. పక్కన ఒకాయన ఫోన్లో ఎవరికో, వాళ్లావిడ పనేమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుందని చెబుతున్నాడు. ఒళ్లు మండింది. కాని ఒకప్పుడు నేనూ అట్లా మాట్లాడినవాణ్ణే.

యాభైల నాటి మాట. మా అమ్మ పోయాక నన్ను సాకింది పెద్దమ్మే. ఆమెకు రెండు పాడి ఎనుములుండేవి, గేదెలన్నమాట. పొద్దున్నే పెరుగు చిలికి వెన్న తీసుకుని, మజ్జిగ మాత్రం ముంత పట్టుకొచ్చిన ఆడవాళ్లందరికీ పోసేది. మజ్జిగ అమ్ముకోవడమంటే మా వైపు తలవంపులు. నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. బడికి పోకుండానే చదువు నేర్చానని మహా పొగరు. ఆలూరు కాఫీ హోటలాయనతో మాట్లాడొచ్చి, రేపటి నుంచి పాలన్నీ ఆయనకే పోద్దాం, ఊరికే వచ్చి ఊరికే పోయే మజ్జిగ బదులు నాలుగు దుడ్లొస్తాయన్నాను.

పెద్దమ్మ కోప్పడలేదు. కవ్వం తాడు నా చేతికిచ్చింది. "ఊరికే వస్తాదంటివే. రా అబ్బీ, నువ్వే చిలుకు."

వెన్న తేలేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. అప్పటికే మరియమ్మ ముంతతో వాకిట్లో నిలబడి చూస్తోంది. కూలికి పోయే మనిషి. ఆమె పిల్లలకు సంగట్లోకి ఆ మజ్జిగే దిక్కు. "ఏమప్పా, మీ పెద్దమ్మకు కొత్త కోడలొచ్చినట్టుండాదే," అంది.

"రేపట్నుంచి మజ్జిగ లేదని ఆమెకు చెప్పు," అంది పెద్దమ్మ నాతో. "ఎత్తు నీది గదా, మాటగూడా నువ్వే చెప్పల్ల."

ముంత నింపాను. హోటలాయనకు పాలు పోస్తామని కబురు పంపలేదు.

మరుసటి ఏడు వానల్లేవు. మేత లేక ఎనుములు రెండూ ఒట్టిపోయాయి. చిలకడానికేమీ లేదు. అయినా మరియమ్మ కూలి నుంచి వస్తూ, వంక వారన గీకి తెచ్చిన గరిక మోపు మా కొట్టం ముందు పడేసి పోయేది. ఒకరోజు సిగ్గుపడుతూనే, మజ్జిగ లేదు గదా మరియమ్మా అన్నాను.

"ఎనుము ఉండాది గదప్పా," అని తల మీది చుట్టకుదురు తీసి దులుపుకుంటూ పోయింది.

తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. ఉత్పత్తి, ఆదాయం అంటూ ఎన్నో పేజీలు. ఆ గరిక మోపు గాని, పెద్దమ్మ చేతులు గాని ఒక్క పేజీలోనూ కనబడలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. మా ఇంట్లో ఇప్పటికీ పెరుగు నేనే చిలుకుతాను. మిక్సీ ఉంది గదా తాతా, అంటుంది మనవరాలు. ఉండనీలే అంటాను. నాకు చెయ్యి నొప్పి పుట్టాలి.