ఓడ వెనక ఎక్స్ గుర్తు

ఈ ఏడు మా కాలనీ అమ్మవారి పూజకి పందిరి ఓడ ఆకారంలో వేయాలని కమిటీ తీర్మానించింది. తీర్మానించిన పదకొండు మందిలో ఓడని దగ్గర్నుంచి చూసినవాడు ఒక్కడూ లేడు. ఖరగ్‌పూర్‌లో మాకు తెలిసిన నీళ్లు కుళాయిలో వచ్చేవే, అవీ దయ తలిస్తే. అయినా వెదుళ్లతో, గుడ్డతో ఓడ లేచింది. ఎంత ఓడంటే, దాని ముక్కు గోల్‌బజార్‌లో చేపల బేరం వింటుంటే, తోక హిజ్లీలో ఇంజనీరింగు పాఠాలు వింటోంది. టేపు పెడితే నలభై అడుగులన్నారు. టేపులకి ఊహ తక్కువ.

కట్టిందంతా వర్క్‌షాపులో రైలుపెట్టెలు బాగుచేసే ఫిట్టర్లు. చేతులు అలవాటు మానవు కదా! ఓడ ముక్కుకి రెండు బఫర్లు వచ్చాయి. కిటికీలకి ఊచలొచ్చాయి. లోపల ఒక పైబెర్తు కూడా వచ్చింది. వాటికి ఎవరూ ఏమీ అనలేదు. గొడవంతా వెనక వైపు వచ్చింది.

మా నాన్న ఆ వర్క్‌షాపులోనే పెయింటరుగా చేసి రిటైరయ్యాడు. రైలు ఆఖరి పెట్టె వెనక పసుపురంగుతో పెద్ద ఎక్స్ గుర్తు ఉంటుంది. అది కనబడితే బండి మొత్తం వచ్చేసిందని, దారిలో ఏ పెట్టే తెగి ఉండిపోలేదని స్టేషనులో వాళ్లకి తెలుస్తుంది. నాన్న వేసిన ఎక్స్‌లన్నీ కలిపితే చంద్రుణ్ణి రెండుసార్లు కొట్టివేయొచ్చు. ఇప్పుడాయన కుడిచెయ్యి వణుకుతుంది, నిచ్చెన ఎక్కనివ్వం. అందుకని ఓడ వెనక కట్టాల్సిన గుడ్డని వరండాలో పరుచుకుని, దానిమీద కూర్చుని, మోచెయ్యి నేలకి ఆనించి, ఎవరినీ అడక్కుండా ఎక్స్ వేసేశాడు. ఫిట్టర్లకి అందులో వింతేమీ కనబడలేదు. ఎత్తి కట్టేశారు.

కమిటీ సెక్రటరీ మా అక్క మొగుడు. పరిగెత్తుకుంటూ వచ్చాడు.

“ఏటి మావయ్యా ఇది? ఊరంతా నవ్వుతంది. టీకొట్టు దాదా ‘జాహాజ్ నా రైల్‌గాడీ?’, ఓడా రైలుబండా అని అడుగుతన్నాడు. సెరిపీసి శంఖం ఎయ్యండి.”

“శంఖం సూసి ఏ స్టేషనైనా లైను క్లియరిచ్చినాదేటి?” అన్నాడు నాన్న. “సెరిపినోడి గుమ్మం మీద ఇంకోటేస్తాను. సూసుకో.”

బావ వెళ్లాక నేనూ నవ్వాను. నాన్న నవ్వలేదు.

“మా నాయనమ్మ భీమిలి ఒడ్డున నిలబడిపోనాదిరా. తుపానులో అయిదు పడవలెల్తే నాలుగొచ్చినాయి. అయిదోది ఆవిడ మరిది, మా చిన్నతాతది. వొచ్చిన ప్రతి పడవ ఎనకాల ఇంకోటుందేమో అని సూసేది. ఏడాదంతా సూసినాది. ఆకరిదేదో సెప్పే గుర్తు లేదు మరి. అందుకే మా నాన్న సముద్రం ఒగ్గీసి ఇక్కడికొచ్చినాడు. ఇక్కడ రైలు ఆకరి డబ్బా సూసి, అందరూ వొచ్చీసినారని ఇంటికెల్లిపోవచ్చు.”

రైల్వే ఉద్యోగం మనకి రేవురా అని ఆయన చిన్నప్పట్నుంచీ అంటుంటే జీతం గురించనుకున్నాను. ఆ మాట పట్టుకుని నేను లంగరు కదపలేదు. రైల్వే రికార్డు రూములో ఫైళ్ల మధ్య కుర్చీకి మొలిచిపోయాను. రైల్లో పైబెర్తు వస్తే కిందిది ఇమ్మని పసిపిల్లల తల్లుల్ని కూడా బతిమాలిన శూరుణ్ణి.

పూజకి ముందురోజు మధ్యాహ్నం కాల్‌బైశాఖి వచ్చింది, ఏటా వచ్చే ఆ ఎర్రదుమ్ము గాలివాన. గేదెలు ఎగిరాయి అంటే మీరు నమ్మరు కాబట్టి మేకలు అంటాను. ఓడ నిలబడింది. వెనక గుడ్డ మాత్రం చిరిగి పక్కవాళ్ల మునగచెట్టుకి మూడు పీలికలై వేలాడింది.

“అమ్మవారే సెరిపీసినాది,” అని బావ దణ్ణం పెట్టి, గంటలో తెల్లగుడ్డ కట్టించేశాడు.

నాన్న దాన్ని చూసి లోపలికెళ్లాడు. కాసేపటికి నేను వెళ్తే, బ్రష్ పట్టుకుని గోడమీద గీత లాగి చూసుకుంటున్నాడు. గీత పాములా వచ్చింది. బ్రష్ రంగుడబ్బాలో పెట్టేసి కిటికీ వైపు తిరిగాడు.

నేను ఆ డబ్బా తీసుకుని బయటికొచ్చి, ఓడ వెనక నిచ్చెన వేశాను. పన్నెండు మెట్లు. ఆరో మెట్టు మీద నాకు సింహళం కనబడింది.

“ఒరే బామ్మర్దీ, దిగు! కమిటీ తీర్మానముంది!”

“ఇక్కడికెక్కి సదువు బావా, ఇంటాను.”

“పడితే మీ అక్కకి నానేటి సెప్పాలి?”

“ముందు నిచ్చెన పట్టుకో. అప్పుడేటీ సెప్పక్కర్లేదు.”

తిట్టుకుంటూ పట్టుకున్నాడు. అప్పటికి టీకొట్టు సగం ఖాళీ అయి మా కిందికి చేరింది. మొదటి గీత పైనుంచి కిందికి ఏటవాలుగా లాగాను. కాళ్లు వణుకుతున్నాయి, గీతా వణికింది. మా వంశంలో వణుకు ఎవరికీ వదల్లేదు.

“సాలు, దిగు!” అన్నాడు బావ.

నాన్న ఎప్పుడొచ్చాడో, తువ్వాలు భుజాన వేసుకుని జనం మధ్య నిలబడి ఉన్నాడు.

“సాలేటి? ఒక గీతైనాది. ఒక గీతుంటే బండి సగం దారిలో ఉన్నట్టే. రెండోది లాగరా!”

దిగి, నిచ్చెన ఎడమకి జరపమన్నాను. బావ జరిపాడు. మళ్లీ ఎక్కాను.