తాళం వేసిన ఇంట్లో ముగ్గురు

2024 నవంబర్. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ పోయే దారిలో గల్లీలు ఊడ్చే పని నాది. ఇరవై ఏండ్ల కింద ఇంటికొక చెత్త బకెట్ ఉండేది. ఇప్పుడు అదే ఇంటి ముందర ఐదారు. జనం పెరిగిన సంగతి నాకు ఏ కాగితమూ చెప్పనక్కర్లేదు.

ఆ నెల ఇంటింటి సర్వే వచ్చింది. నలభై ఐదేండ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నేనూ ఫారాలు నింపుతానని సర్వే సూపర్‌వైజర్‌ను అడిగిన. నవ్విండు, ఎన్యూమరేటర్‌కు గల్లీల దారి చూపిస్తే చాలన్నడు. ఎన్యూమరేటర్, అంటే ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసే మనిషి, రమాదేవి టీచర్. నా బిడ్డ వయసు. నేను ఒక్క పేరు కూడబలుక్కునేలోపల ఆమె కుటుంబమంతా రాసేసేది. చూస్తుంటే కడుపు మండేది. ఏ ఇంట్లోనైనా ఆమెకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చేటోళ్ళు, నాకు గడప బయట.

మూతబడ్డ ఒక లాడ్జి దగ్గర ఆమె ‘తాళం’ అని రాసుకున్నది. వెనుక ఇనుప మెట్లున్నయి. పైన యాదమ్మ, ఆమె కొడుకు, కోడలు ఉంటరు. రోజూ వాళ్ళ బకెట్ ఎత్తేది నేనే. అయినా నోరు మూసుకున్న. లెక్క తప్పితే ఈమెకు చీవాట్లు పడతయి, పడనీ అనుకున్న.

సర్వే ఆఖరు రోజు పొద్దున యాదమ్మ నన్ను ఆపింది. కోడలికి నెలలు నిండినయి.

"అందరి తలుపులకు సర్వే స్టిక్కర్లు అంటిచ్చిన్రు. మా దిక్కు ఎవ్వరూ రాలే. రేపు రేషన్ కార్డు అడిగితే మీరు లెక్కలనే లేరంటే ఏం చెయ్యాలె? జర నువ్వన్న చెప్పరాదక్కా."

చీపురు ఆడనే పెట్టి టీచర్ కోసం ఉరికిన. మెట్లెక్కుతూ ఆమె అడిగింది.

"పెద్దమ్మా, వీళ్ళు ఈడ ఉన్నట్టు నీకు ముందుగాల తెల్వదా?"

"తెలుసు మేడమ్. మీ మీద కుళ్ళుతోని చెప్పలే."

ఆమె ఒక్క మెట్టు మీద ఆగి నా దిక్కు చూసింది. తర్వాత పైకి పోయి యాదమ్మ పేరు అడిగి రాసుకున్నది.

సాయంత్రం సూపర్‌వైజర్, తాళం ఇంట్లో మనుషులను కూడా పట్టుకున్నవని ఆమెను అందరి ముందర మెచ్చుకున్నడు. ఆమె నా పేరు చెప్పలే. నా తప్పూ చెప్పలే. మొదటిదానికి కోపమొచ్చింది. రెండోదానికి ఇంకింత కుళ్ళు పుట్టింది, ఆమె జాగాల నేనుంటే ఆ తప్పు చెప్పకుండ ఉండేదాన్ని కాదు.

ఇప్పటికీ ఆమెను చూస్తే నాకు కుళ్ళే. కానీ దారి చూపుడు చిన్న పని అని మాత్రం మళ్ళీ అనుకోలే. నేను చూపకపోతే ముగ్గురు మనుషులు ఈ ఊళ్ళోనే లేకుండ పోయేటోళ్ళు.