వాక్యానికి పదకొండు మాటలు

కోవిడ్ తరువాత కాలేజీలు తిరిగి తెరిచిన ఏడాది, గన్నవరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మూడో సంవత్సరం మెకానికల్ విద్యార్థులకు నివేదికలు ఇంగ్లీషులో స్పష్టంగా రాయడం నేర్పే పని నాకు అప్పగించారు. నా హోదా అసిస్టెంట్ ప్రొఫెసర్. చదివింది ఇంగ్లీషు, లెక్కల అలవాటు సొంతంగా చేసుకున్నది. ప్రతి నివేదికలో మొదటి పేజీ మాటలను వాక్యాల సంఖ్యతో భాగించి, అంచున పెన్సిలుతో వేసేవాణ్ణి. ఇరవై దాటితే వాక్యాలు విడగొట్టమని రాసి సంతకం పెట్టేవాణ్ణి.

పంపు పరీక్ష నివేదికలు ముప్ఫై రెండు వచ్చాయి. వాటిలో ముప్ఫై ఒకటికి సగటు, వాక్యానికి ఇరవై ఎనిమిది మాటలకు అటూ ఇటూ. భవానీపురం నుంచి వచ్చే సుజాతది పదకొండు. పైగా ఆమె పీడనం రీడింగులన్నీ మిగతావారి కంటే రెండేసి తక్కువ. ఊళ్లో నివేదికలు అమ్మే డీటీపీ షాపులున్నాయి. అక్కడ కొన్నదే అనుకున్నాను. నేనలా రాసిస్తే ఆమెకు ఇంటర్నల్ మార్కులు సున్నా; సబ్జెక్టు తప్పితే ఆ నెలలో జరిగే ప్లేస్‌మెంటు ఇంటర్వ్యూకు రానివ్వరు.

పిలిచి అడిగాను.

"నేనే రాశానండి. అమ్మకి చదివి వినిపిస్తాను. టెన్త్ దాకా చదివింది. బట్టలు కుడుతూ వింటుంది. మిషన్ ఆపిందంటే అర్థం కాలేదని. అక్కడ వాక్యం కట్ చేస్తానండి."

కథ మరీ బాగుంది. నమ్మలేదు. కాగితాలు పట్టుకుని ల్యాబ్‌కు వెళ్లాను. అటెండరు సుబ్బారావు గారు రెండు రకాల అంకెలూ చూసి నవ్వారు.

"పీడనం చూపే గేజి మార్చి రెండేళ్లయింది సార్. పాతది పంపు ఆపేసినా రెండు చూపించేది. ఈ పిల్లలవి సీనియర్ల రికార్డు అంకెలండి. ఇప్పుడు బతిమాలినా రావు. మీరు సంతకాలు కూడా పెట్టేశారే."

పెట్టేశాను. ఆ ముప్ఫై ఒక్కటీ మళ్లీ చదివాను. వాల్వు తెరవబడినది, పీడనం గమనించబడినది అని ఉంది. ఎవరు తెరిచారో, ఎంత తెరిచారో లేదు. సుజాత, నేను వాల్వు సగం తెరిచాను అని రాసింది. అది నిజమో కాదో పంపు దగ్గరకు వెళ్లి తేల్చుకోవచ్చు.

ఆమె మార్కులు ఆమెకు వేశాను. మిగతావారి చేత పరీక్ష మళ్లీ చేయించమని, నా సంతకాలు రద్దు చేయమని హెచ్‌ఓడీ గారికి రాసిచ్చాను. ఆయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు.

స్పష్టంగా రాసినవారు తమను తనిఖీ చేసే వీలు ఇస్తారు. నేను అనుమానించింది ఆ వీలు ఇచ్చిన ఒక్కరినే. స్వచ్ఛంద విరమణ తీసుకునే వరకు, పనిచేసిన మనిషి కనిపించని వాక్యాన్నే ముందు ప్రశ్నించాను.