ఎంతమంది వెళ్తే అంతమందీ

ఓడలరేవులో వేటకెళ్ళే పడవను మేము ఊరికే "వెళ్ళి రండి" అని సాగనంపం. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళలో పెద్దది తలలు లెక్కపెట్టి, "ఏడుగురు వెళ్తున్నారు, ఏడుగురూ రండి" అంటుంది. పడవ నడిపే సరంగు "ఏడుగురం వస్తాం" అని బదులివ్వాలి. ఇవ్వకపోతే తాడు విప్పకూడదు.

దీన్ని దీవెన అంటారు. దీవెనే, కాదనను. కానీ అది ఎందుకు పుట్టిందో మరిచిపోయినవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా అత్తగారి అత్తగారి కాలంలో, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక పడవ తిరగబడింది. ఐదుగురు ఒడ్డుకు చేరారు. వణికిపోతూ తలో లెక్క చెప్పారు. ఎక్కినవాళ్ళు ఎంతమందో ఒడ్డున ఎవరికీ తెలియదు. అందరూ వచ్చారనుకుని వెతకడం ఆపేశారు. మర్నాడు పక్క ఊరినుంచి ఒకావిడ "మా ఆయన ఏడీ?" అంటూ వచ్చింది. ఆనాటి నుంచి ఈ మాట.

నేను ఈ ఇంటికొచ్చి యాభై రెండేళ్ళు. అత్తగారు పోయాక ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట నాది. పడవ వెళ్ళిన వేళ, తలల సంఖ్య క్యాలెండరు గడిలో రాస్తాను.

మొన్న కార్తీకంలో మా మరిది కోడలు నా నోరు కట్టేసింది. ఆ పొద్దున బయల్దేరే పడవకి సరంగు ఆమె మొగుడే.

"అత్తయ్యగారూ, మనుషుల్ని కోళ్ళలాగ లెక్కెడతారేంటండీ? దిష్టి! అందరూ చల్లగా రండి అందాం. వినడానిక్కూడా బాగుంటాది."

"లెక్కపెట్టకపోతేనే తగులుతుందే దిష్టి."

"ఆయ్, మీరెప్పుడు ఒప్పుకున్నారు గనకండీ!" అని నవ్వి, తనే ముందుకెళ్ళి అనేసింది. మిగతా ఆడవాళ్ళూ వంతపాడారు. సరంగు చెయ్యూపాడు.

నాకు రోషం వచ్చింది. అయినా అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఎనిమిది. రోజూ వెళ్ళేది ఏడుగురు. గట్టిగా అడగాలి. అడగలేదు. నా మాట అక్కర్లేనివాళ్ళకి నా లెక్క ఎందుకని మూతి ముడుచుకుని ఇంటికొచ్చాను.

పదింటికి మొగలో అల ఆ పడవని బోర్లా కొట్టింది. వేరే పడవలు మూడు వెళ్ళి, తలోచోటా మనుషుల్ని ఏరి తెచ్చాయి. కబురు విని నేను ఒడ్డుకి పరుగెత్తేసరికి దించింది ఏడుగురిని. సరంగుకి స్పృహ లేదు. మిగతావాళ్ళు నీళ్ళు కక్కుతున్నారు.

"ఏడుగురూ వచ్చేరండి! అందరూ వచ్చేరు!" అని మరిది కోడలు ఏడుస్తూ దణ్ణాలు పెడుతోంది. వెతకడానికి వెళ్ళిన పడవలవాళ్ళు ఇంజన్లు ఆపేశారు.

"ఎనిమిదోవాడు ఏడీ?" అన్నాను.

"ఎనిమిదెక్కడండీ? మనోళ్ళు ఏడుగురే గదా."

"తలకి తువ్వాలు చుట్టుకున్నాడు. గళ్ళచొక్కా. వెనక కూర్చున్నాడు."

దాని మొహం పాలిపోయింది. ముందురోజు చుట్టంచూపుగా వచ్చిన దాని తమ్ముడిది గళ్ళచొక్కా. మొదటి బస్సుకి అమలాపురం వెళ్తానని చెప్పి ఇంట్లోంచి బయల్దేరినవాడు, సరదా పుట్టి పడవెక్కాడు. నీళ్ళు కక్కుతున్న ఒకడు తలెత్తి, "ఇంకో పడవలో రాలేదా?" అన్నాడు. ప్రతివాడూ అలాగే అనుకున్నాడు.

"నిలబడతారేంట్రా? కదలండి!" అని అరిచాను. ఆ అరుపు పొద్దుటే అరవాల్సింది.

పన్నెండూ ఇరవైకి దొరికాడు. ఖాళీ డీజిలు క్యాను కావలించుకుని, ఇసుకమేట దాటి సముద్రంలోకి కొట్టుకుపోతున్నాడట. ఒడ్డున కూలబడ్డవాణ్ణి అక్క వాటేసుకుంది. నేను వెళ్ళి చెంప మీద ఒక్కటిచ్చాను.

"అదేంటండీ అత్తయ్యగారూ! చచ్చి బతికొచ్చేనండీ!"

"చచ్చుంటే ఎవర్ని కొట్టనురా?"

వాళ్ళక్క తన చెంప నా ముందు పెట్టింది. "నాకూ ఇవ్వండి," అంది.

చెయ్యెత్తాను, కానీ కొట్టలేదు. దానికిస్తే మూడోది నాకు నేనే ఇచ్చుకోవాలి.