శవం బాబాయి లేచిన రోజు

విషాద నాటకంలో చచ్చినవాడు చప్పట్లకు లేవకూడదు. ఆ నాటక సమాజంలో ఎవరూ ఎదురు చెప్పని నియమం ఇది. రాజు వేషగాడు చచ్చినా లేచి వచ్చి దండం పెట్టొచ్చు, అది వేరే సంగతి. సైనికులుగా, సేవకులుగా కూలినవాళ్ళు మాత్రం తెర పడగానే పక్క తలుపులోంచి జారుకోవాలి. “చచ్చినవాళ్ళంతా వచ్చి పళ్ళికిలిస్తే ఇంత గొప్ప నాటకం పరువేం కావాలి?” అనేవాడు స్టేజీ మేనేజరు. ఆ పరువు బరువంతా కింద పడుకున్నవాళ్ళ వీపులే మోసేవి.

అలా ఏళ్ళ తరబడి నోరు మెదపకుండా జారుకున్న మనిషిని అందరూ శవం బాబాయి అనేవాళ్ళు. పగలు పేము కుర్చీలు అల్లేవాడు. ఒకసారి హాలు కుర్చీలు బాగుచేయడానికి వస్తే, సైనికుడి వేషగాడు రాలేదని ఈయనకు కవచం తొడిగి పడుకోబెట్టారు. కదల్లేదు, దగ్గలేదు, ఈగ వాలినా ముక్కు ఎగరేయలేదు. ఇంకేముంది, ఆ వేషం ఆయనకే ఖాయమైపోయింది.

సమాజం ఆడేవన్నీ ఒకే పాతకాలపు ఇంగ్లీషు నాటకకర్తవి. పండితులు వాటిని హాస్యం, విషాదం, రాజుల చరిత్ర అని విడగొట్టారు. బాబాయి లెక్క ఇంకా సులువు. విషాదమైతే చివర్లో పడుకోవాలి. రాజుల కథైతే యుద్ధం వచ్చినప్పుడల్లా పడుకోవాలి. హాస్యమైతే చివరికి అందరికీ పెళ్ళిళ్ళే కాబట్టి తనతో పని లేదు. పేరు మాత్రం విషాదాలదే. హాస్యానికి పొట్ట పట్టుకుని నవ్విన పెద్దమనుషులే, గొప్ప నాటకం ఏదంటే నలుగురు చచ్చినదాన్ని చూపిస్తారు.

బాబాయి భార్య హాలు గడప తొక్కేది కాదు. మొదటి నాటకానికి వచ్చి, మొగుడు కత్తిపోటుకు కూలడం చూసి, ఇక రానంది.

“నువ్వు చచ్చేది చూడ్డానికి నేను టిక్కెట్టు కొనుక్కుని రావాలా?”

“ఉత్తుత్తి చావేనే.”

“లేచింది నేను చూళ్ళేదుగా. అందరూ వచ్చి దండాలు పెట్టారు, నువ్వు మాత్రం కనబళ్ళేదు. నా ప్రాణం పోయినంత పనైంది.”

ఒక్కసారైనా ఆమె తనను ఆ దీపాల వెలుగులో నిలబడి ఉండగా చూడాలని బాబాయికి ఆశగా ఉండేది.

ఈసారి సమాజం ఎంచుకున్న నాటకం ఏ కోవకూ చెందదు. సగం దాకా ఏడుపు, ఆ తర్వాత పోయారనుకున్నవాళ్ళు తిరిగి రావడం. హాస్యం అని రాయాలా, విషాదం అని రాయాలా అని పోస్టరు రాసే పెయింటరు అడిగితే, “నాటకం అని రాసి ఊరుకో” అన్నాడు మేనేజరు. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన నావికుడి శవం బాబాయిది. వైద్యురాలు తట్టగానే లేచి నిలబడాలి.

“ఈసారి అందరి ముందూ లేస్తాను. వస్తావా?” అని ఇంట్లో అడిగాడు.

“నిజంగా లేస్తావా?”

“లేవకపోతే అడుగు.”

“లేవకపోతే ఎవర్ని అడగను?” అంది. అయినా వచ్చింది. మూడో వరసలో, మొగుడు అల్లిన కుర్చీలోనే కూర్చుంది.

బాబాయిని మోసుకొచ్చి వేదిక మీద పడుకోబెట్టారు. వైద్యురాలి వేషం కట్టిన అమ్మాయి భుజం తట్టింది. శవం కదల్లేదు. మళ్ళీ తట్టింది. ఊహూ. ఇన్నేళ్ళుగా పడుకుని పడుకుని, వేదిక మీది మాటలూ తట్టడాలూ పట్టించుకోవడమే మానేశాడు బాబాయి. తెర తాడు కప్పీ మీద కీచుమనే చప్పుడుకే ఆయన చెవి తెరుచుకునేది. రిహార్సల్లో చక్కగా లేచినవాడే, నిండు హాల్లో, దీపాల వేడిలో పాత అలవాటుకు లొంగిపోయాడు. ఆ అమ్మాయి మొహంలో రంగు కిందే రంగు మారింది.

మూడో వరసలో భార్య లేచి నిలబడింది.

“ఏమయ్యా, లేస్తానన్నావు కదా,” అంది. “లేవయ్యా.”

అది కప్పీ చప్పుడు కాదు. ఆ గొంతు ఆయన ఆ హాల్లో ఎన్నడూ వినలేదు. కళ్ళు తెరిచాడు. తడబడుతూ లేచి, ఆమె వైపే చూస్తూ, “లేచానే, లేచాను,” అన్నాడు. నాటకంలో లేని మాటలవి. జనం మాత్రం అదంతా నాటకమే అనుకున్నారు. గుండెల మీది బండ దింపుకున్నట్టు హాలు మొత్తం ఊపిరి వదిలి, నవ్వి, చప్పట్లు కొట్టింది. భార్య కుర్చీలో కూలబడి, అరచేతులతో మొహం తుడుచుకుంటూ నవ్వింది.

తెర పడ్డాక ఆయన కాళ్ళు వాటంతటవే పక్క తలుపు వైపు నడిచాయి. వైద్యురాలి అమ్మాయి చెయ్యి పట్టుకు లాగింది.

“ఎక్కడికి బాబాయ్? నిన్ను లేపేసరికి నాకు చెమటలు పట్టాయి. కదలకుండా నిలబడు.”

మేనేజరు పక్కనుంచి, తప్పుకొమ్మని సైగ చేశాడు. అటు ఎవరూ చూడలేదు. తెర మళ్ళీ లేచింది. బాబాయి మూడో వరసకు దండం పెట్టాడు.

“ఇక ఎన్నిసార్లు చస్తావో చావు,” అంది భార్య ఇంటికి నడుస్తూ. “లేస్తావని తెలిసిందిగా.”

వచ్చే నెల మళ్ళీ విషాద నాటకమే. నియమం ఇంకా అలాగే ఉంది. కాబట్టి పాఠకులకు ఒక మనవి. నాటకం చూడండి, తనివితీరా ఏడవండి, కానీ రాజు దండం పెట్టగానే లేచి వెళ్ళిపోకండి. చప్పట్లు ఆపకండి. “పడుకున్నవాళ్ళేరీ?” అని గట్టిగా అడగండి. వాళ్ళు వచ్చి నిలబడేదాకా కుర్చీలు వదలకండి. వాళ్ళ ఇంటివాళ్ళు మీ వరసలోనే కూర్చుని ఉండొచ్చు.