అప్పలసూరి తుపాకీ మక్ఖీ

అప్పలసూరి డ్యూటీ నుంచి వచ్చాక వెంటనే లోపలికి వెళ్ళడు. గుమ్మంలో కూలబడి, కాళ్ళు బారజాపి, బూట్లు విప్పే ఓపిక వచ్చేదాకా గోడకు ఆనుకుని ఉంటాడు. నెహ్రూ నగర్లో ఒక నగల కొట్టు ముందు పొద్దస్తమానం తుపాకీ పట్టుకుని నిలబడే గన్‌మన్ మరి. కొట్టువాళ్ళు స్టూలైతే వేశారు గానీ, గన్‌మన్ కూర్చుంటే సేఠ్‌కి ఒళ్ళు మంట. అంచేత ఆ స్టూలు మీద అప్పలసూరి టిఫిన్ డబ్బా కూర్చుంటుంది, అప్పలసూరి నిలబడతాడు.

తండ్రి బొబ్బిలి వైపు నుంచి ఈ హిందీ ఊళ్ళోని స్టీల్‌ప్లాంటులో ఖలాసీ పనికి వచ్చినవాడు. కొడుక్కి ప్లాంటులో పని దొరకలేదు. తిరగ్గా తిరగ్గా ఒక రైఫిలుకు లైసెన్సు దొరికింది. సొంత తుపాకీ ఉన్నవాడు గనక లాఠీ గార్డులు అతన్ని 'గన్‌మన్ సాబ్' అంటారు. ఆ పిలుపు చెవిన పడితే చాలు, అరవై దాటిన మనిషి నడుం నిటారు చేస్తాడు. రుఆబాంధాలో ఇల్లు చేరాక ఆ నడుముకు మందు రాసేదీ, వాచిన కాళ్ళకు ఉప్పేసిన వేణ్ణీళ్ళు పెట్టేదీ మాత్రం భార్య పోలమ్మ.

"మానీ మావా, ఇంక సాలు," అని ఆవిడ ఏటా అడుగుతుంది. "పిల్లలు ఎవరి కూడు ఆళ్ళు తింటన్నారు. నీకేటి కరువు?"

"సూద్దాంలే," అంటాడతను. అంటే మానడని అర్థం. పోలమ్మకు ఆ అర్థం ఎప్పుడో తెలిసిపోయింది.

గార్డులను పెట్టే ఏజెన్సీ ఏటా విశ్వకర్మ పూజ అయ్యాక గన్‌మన్లందరి చేతా తుపాకీ కాల్పించి చూస్తుంది. గురి కుదిరితే మరో ఏడాది పని. కుదరకపోతే అప్పలసూరి వయసువాణ్ణి దండం పెట్టి ఇంటికి పంపేస్తారు. ఈసారి పరీక్షకు ముందు చెయ్యి సరిచూసుకుందామని తుపాకీ కాల్చే రేంజికి వెళ్ళి మూడు తూటాలు కాల్చాడు. మూడూ ఎడమ పక్కకు పోయాయి. గురి కాగితం నడిమి నల్ల చుక్కను ఒక్కటీ తాకలేదు.

అయిపోయింది, కళ్ళు పోయాయి అనుకున్నాడు. పక్కన కుర్ర గన్‌మన్లు చూస్తున్నారు, సిగ్గేసింది. అంత సిగ్గులోనూ ఒక మూల, హమ్మయ్య, ఇక నిలబడక్కర్లేదు అని కూడా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే చిర్రెత్తుకొచ్చింది.

రేంజి చూసుకునే ఉస్తాద్ ఆ కాగితం తెచ్చి చేతిలో పెట్టాడు. కళ్ళు పోయినవాడి తూటాలు తలో దిక్కూ పోతాయి, ఇవి మూడూ పక్కపక్కనే పడ్డాయి కదా అన్నాడు. అప్పలసూరి నమ్మకపోతే, ఆ రైఫిలునే ఇసక బస్తా మీద ఆనించి తనే కాల్చి చూపించాడు. ఉస్తాద్ తూటా కూడా ఎడమకే పోయింది.

"ఆంఖ్ ఠీక్ హై కాకా. బందూక్ దేఖో," అన్నాడు. కళ్ళు బాగానే ఉన్నాయి, తుపాకీ సంగతి చూసుకో అని.

ఇంటికొచ్చి అప్పలసూరి కళ్ళజోడు పెట్టుకుని, ఖాళీ రైఫిలును కిటికీ వెలుతురుకు పెట్టి చూశాడు. గొట్టం చివర గురి చూడ్డానికి నిలబెట్టిన చిన్న ఇనప ముక్క ఉంటుంది. దాన్ని మక్ఖీ అంటారు. అడ్డంగా కోసిన గాడిలో అది బిగిసి కూర్చుంటుంది. కదిలితే తెలియాలని మక్ఖీ పాదం మీదా గొట్టం మీదా కలిసేట్టు ఎప్పుడో ఒక గీత గీసి పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ గీత కలవలేదు. మక్ఖీ దారప్పోగంత కుడికి జరిగి ఉంది. అది కుడికి జరిగితే తూటా ఎడమకు పోతుంది, ఇక్కడి దారప్పోగు అక్కడికెళ్ళేసరికి బెత్తెడవుతుంది.

ఎక్కడైనా పడిందా అంటే గొట్టం మీద దెబ్బే లేదు. మక్ఖీ జరిగిన చోట ఖాళీ అయిన గాడిలో మాత్రం కుంకుమ ఉంది. ప్లాంటు ఊళ్ళో విశ్వకర్మ పూజనాడు ఏ పనిముట్టూ బొట్టు లేకుండా ఉండదు. పోలమ్మ కూడా రైఫిలుకు పసుపు రాసి, మక్ఖీ మీద బొట్టు పెడుతుంది. కానీ మక్ఖీ తన చోట ఉంటే ఆ గాడిలోకి కుంకుమ వెళ్ళే సందే లేదు. అంటే బొట్టు పెట్టేసరికే అది జరిగి ఉంది.

మక్ఖీ పాదానికి ఎడమ పక్కన చిన్న నొక్కు కనిపించింది. నొక్కులో పచ్చగా ఏదో అంటింది. పసుపేమోనని గోరుతో గీకాడు, పోలేదు. ఇత్తడి. ఏటా పూజనాడు, ఆ ముక్క జోలికి పోకే, ఇసుమంత కదిలినా గురి పోతాది అని పోలమ్మకు తను చెప్పే మాట గుర్తొచ్చి అప్పలసూరి వంటింటి వైపు తిరిగాడు.

"పోలీ, ఆ అల్లం దంచే రోకలి ఇలా తే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. పోలమ్మ చిన్న ఇత్తడి రోకలి తెచ్చి అతని పక్కన పెట్టింది. పెట్టి వెళ్ళిపోలేదు, అక్కడే చతికిలబడింది.

"నానే కొట్టినాను," అంది. "పూజనాడు కొట్టినాను. దేవుడికి సెప్పే కొట్టినాను."

"కళ్ళు పోనాయనుకుని నానెంత ఏడ్సినానో తెల్సా నీకు?"

"నీ కాళ్ళు పోతంటే నానెంత ఏడుస్తన్నానో నీకు తెల్సా? ఏటా అడిగినాను. అడిగితే మానీవోడివేనా?"

అప్పలసూరికి కోపం రాలేదు, అంత ఓపిక ఎక్కడుంది గనక.

"గట్టిగా పట్టుకో," అన్నాడు. ఆవిడ రైఫిలును ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. తూటా ఎడమకు పోతుంటే మక్ఖీని కూడా ఎడమకే నెట్టాలి. కొత్తవాళ్ళు రెండో వైపు నెట్టి ఉన్నది కాస్తా పోగొట్టుకుంటారు. కుడి పక్కనుంచి ఇత్తడి రోకలితో మెల్లగా తట్టాడు, చూశాడు, మళ్ళీ తట్టాడు. గీతలు కలిశాయి. పోలమ్మ ఆ గీతల వంక చూడలేదు.

పరీక్షనాడు అతని తూటాలన్నీ నల్ల చుక్కలో పడ్డాయి. ఉస్తాద్ వీపు తట్టాడు. ఏజెన్సీ మనిషి, ఇంకో ఏడాది నీకు ఢోకా లేదు కాకా అన్నాడు. కుర్రవాళ్ళు గన్‌మన్ సాబ్, గన్‌మన్ సాబ్ అని చుట్టూ చేరారు. అప్పలసూరి నవ్వాడు గానీ, ఈసారి నడుం లేవలేదు.

ఇంటికొచ్చి ఎప్పటిలా గుమ్మంలో కూలబడ్డాడు. పోలమ్మ బేసిన్లో వేణ్ణీళ్ళు తెచ్చి, ఉప్పు వేసి, ఏమీ అడక్కుండా అతని బూట్ల తాళ్ళు విప్పసాగింది.

"పాసయ్యేను."

"అవుతావని తెల్సు. గీత కలిపేసినావు కదా."

"పోలీ, మళ్ళీ అడుగు."

"ఏటడగాల?"

"ఏటా అడుగుతావే, అది."

పోలమ్మ చేతులు తాళ్ళ మీదే ఆగిపోయాయి. తలెత్తకుండానే, నమ్మకం లేని గొంతుతో అడిగింది. "మానీ మావా, ఇంక సాలు."

అప్పలసూరి బూట్లు లాగేసి, వాచిన పాదాలు రెండూ వేణ్ణీళ్ళలో పెట్టాడు.

"మానేస్తాను," అన్నాడు.